ఇరవై నిమిషాల ఓర్పు

ఆదివారం పొద్దున్న తొమ్మిది కాకముందే బైండరు గారు ముందుగదిలో పనిబల్ల ఖాళీ చేశారు. బంక డబ్బా, దారపు ఉండలు, సగం కుట్టిన రిజిస్టర్లు అన్నీ మంచం కిందికి వెళ్ళిపోయాయి. బల్ల మీద ఉతికిన గుడ్డ పరిచి, దాని మీద రికార్డు ప్లేయరు పెట్టి, పీఠం మీద దేవుణ్ణి కూర్చోబెట్టినంత జాగ్రత్తగా అటూ ఇటూ సర్దారు.

పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం ఆ గదిలో నలుగురూ చేరి శాస్త్రీయ సంగీతం వింటున్నారు. రాకపోకలు ఎందరివి ఉన్నా, బస్సు డ్రైవరూ లెక్కల టీచరమ్మా మాత్రం స్థిరం. ఎవరికి దొరికిన రికార్డు వాళ్ళు తెస్తారు. ఎవరేం తెచ్చినా చివర్లో బైండరు గారి వయొలిన్ రికార్డు ఒక పక్క మోగాల్సిందే. అది మొదలవగానే వంటింట్లో ఆయన భార్య మరిగే ఎసట్లో బియ్యం పోస్తుంది. అది ఆగగానే పొయ్యి ఆపుతుంది. ఇన్నేళ్ళలో ఒక్క ఆదివారం అన్నం మాడిందీ లేదు, పలుకైందీ లేదు.

ఆ రికార్డు గురించి బైండరు గారు చెప్పే మాటలు వచ్చేవాళ్ళందరికీ కంఠతా వచ్చు. "ఆ నిదానం చూశారా! ఒక స్వరం దగ్గర్నించి ఇంకో స్వరం దగ్గరికి వెళ్ళడానికి ఆయనకి తొందరే లేదు. అది వాయించడం కాదండీ, ఓర్పు." పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడూ అదే మోగేది. పుస్తకం ఇంకా కుట్టలేదా అని ఎవరైనా మండిపడితే, ఆ వయొలిన్‌ని తలుచుకుని నవ్వి ఊరుకునేవారు.

అలాంటి మనిషికి వారం రోజులుగా ముద్ద దిగడం లేదు. కారణం కళ్ళద్దాల షాపాయన. పోయిన ఆదివారమే కొత్తగా వచ్చి, చివరిదాకా విని, లేస్తూ లేస్తూ ఒక మాట అన్నాడు.

"ఈ రికార్డు నా దగ్గరా ఉందండీ. మా ఇంట్లో ఈయన ఇంకాస్త హుషారుగా వాయిస్తాడే! వచ్చేవారం నా మిషనూ తెస్తాను, విందురుగాని."

హుషారట! తను ఓర్పని నమ్మింది ఓర్పు కాకపోతే, పదకొండేళ్ళు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ అబద్ధం చెప్పినట్టే కదా? అదొక్కటే ఆయన్ని తొలిచేస్తోంది.

చెప్పినట్టే కళ్ళద్దాలాయన కొత్త మిషను చంకన పెట్టుకుని వచ్చాడు. డ్రైవరు చేతులు రుద్దుకున్నాడు.

"ఇవాళ పందెమా గురువుగారూ? ఈల నేనెయ్యనా?"

"నువ్వు బస్సులో హారను కొట్టుకో నాయనా," అన్నారు బైండరు గారు, నవ్వు రాకపోయినా.

ముందు కళ్ళద్దాలాయన రికార్డు పెట్టారు. వయొలిన్ ఎత్తుకుంది. అదే రాగం, అదే మనిషి, కానీ బడి వదిలిన పిల్లాడిలా గంతులేస్తూ పోతున్నాడు. శ్రుతి కూడా ఒక మెట్టు పైన ఉంది. బైండరు గారి చెవులు ఎర్రబడ్డాయి. రికార్డు ఆగీ ఆగగానే అందుకున్నారు.

"మీ మిషనుదే తప్పు. కొత్తది కదా, పరుగెక్కువ!"

కళ్ళద్దాలాయన నోరు తెరిచేలోగా వంటింట్లోంచి భార్య గరిటెతో వచ్చింది.

"ఏమండీ, ఇవాళ ఏం పెట్టారు? పాట ఆగిందని పొయ్యి ఆపాను. చూడండి, గులకరాళ్ళు!"

డ్రైవరు గరిటెలోంచి రెండు మెతుకులు తీసి నోట్లో వేసుకున్నాడు. "పలుకే పిన్నిగారూ. పన్నూడిపోతుంది," అని తీర్పు చెప్పాడు.

టీచరమ్మ చేతిగడియారం చూసుకుని, బల్ల మీదున్న రికార్డు అట్ట తిప్పింది.

"ఇక్కడ అచ్చేసి ఉంది బాబాయిగారూ. ఈ పక్క పద్దెనిమిది నిమిషాలు. ఇవాళ సరిగ్గా పద్దెనిమిదే అయింది. మన మిషను మీద ఇరవై."

"నీకెప్పట్నించి తెలుసమ్మా?"

"నేనొచ్చిన రెండో ఆదివారం నించి."

"నాకు మొదటి ఆదివారమే తెలుసు," అన్నాడు డ్రైవరు తల గోక్కుంటూ. "అంతకుముందు రేడియోలో విన్నా."

"తోడుదొంగలు! మరి చెప్పలేదేం?"

టీచరమ్మ అట్టని బల్ల మీద పెట్టింది. "వారమంతా గంట కొట్టినప్పుడల్లా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పరిగెడుతూనే ఉంటాను. ఇక్కడికొస్తే రెండు నిమిషాలు ఎక్కువ దొరుకుతున్నాయి. చెప్తే మీరు బాగుచేయించేస్తారని భయం."

బైండరు గారు తన మిషను పైపళ్ళెం తీసి లోపలికి చూశారు. అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో లోపలి రబ్బరు బెల్టు తెగితే, ఎక్కడా దొరక్క, పుస్తకాల వెన్నుకి వేసే తోలులోంచి సన్నని పట్టీ కోసి, కొసలు అతికించి తొడిగారు. తోలు సాగింది. సాగి, జారుతూ తిరుగుతోంది.

"అయితే ఆ ఓర్పు వాయించినాయనది కాదు," అన్నారు మెల్లిగా. "నా తోలు ముక్కది."

ముందు భార్యే నవ్వింది. "అచ్చం మీ చేతి పనే! మీ దగ్గరికొచ్చింది ఏదైనా ఆలస్యం కాకుండా పోయిందా?"

ఆయన నవ్వలేకపోయారు. "అది సరేలేవే. మరి రోజూ పొద్దున్నే దేవుడికి నేను వినిపించిందేమిటి? తప్పుదేనా?"

"ఆయన ఒక్కరోజూ వద్దనలేదుగా," అంది ఆవిడ. "ఆయనా టీచరమ్మలాగే తెలిసి ఊరుకున్నాడేమో!"

దీనికి గదంతా గొల్లుమంది. బైండరు గారికీ పెదవి కదిలింది గానీ, చెయ్యి మాత్రం తోలు కోసే కత్తి మీదికి పోయింది. తప్పని తెలిశాక ఉంచుకోవడం ఆయన వల్ల కాదు. బెల్టు మీద కత్తి ఆనించారో లేదో, కళ్ళద్దాలాయన ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగండాగండి! పోయిన వారం నేను తప్పు పట్టే చెవితో విన్నాను. కొయ్యకముందు ఒక్కసారి సరిగ్గా విననివ్వండి."

"పెట్టండి, పెట్టండి," అంది భార్య వంటింట్లోకి పరిగెడుతూ. "నా అన్నం కూడా మళ్ళీ పొయ్యెక్కాలి."

పాత మిషను తిరిగింది. కళ్ళద్దాలాయన తన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇరవై నిమిషాలూ కదల్లేదు.

"వయొలిన్ కమాను మళ్ళించే చోట ఆయన ఊపిరి పీల్చుకుంటున్నాడండీ," అన్నాడు చివరికి. "నా మిషను మీద అదెప్పుడూ నా చెవిన పడలేదు. ఆ బెల్టు జోలికి వెళ్ళకండి."

బైండరు గారు కత్తిని సొరుగులో పడేసి, కళ్ళద్దాలాయన మిషను దగ్గరికి కుర్చీ లాక్కున్నారు.

"ఇందాక నేను కోపంతో విన్నానండీ. అదీ వినడం కాదు. మీది ఇంకోసారి పెట్టండి."

ఈసారి పరుగు ఆయన్ని గుచ్చలేదు. రెండో నిమిషంలో మోకాలి మీద వేళ్ళు వాటంతటవే ఆడాయి. అయిదో నిమిషానికి ఆయన ముందుకు వంగారు. మధ్యలో మాట్లాడకూడదన్నది ఆ ఇంటి నియమం. పెట్టిందీ ఆయనే, ఇవాళ తప్పిందీ ఆయనే.

"ఒరే డ్రైవరూ, ఈయన నవ్వుతూ వాయిస్తున్నాడురా! ఇన్నేళ్ళూ నేను ఓర్పే విన్నాను. లోపల ఇంత సంతోషం ఉందని తెలీదే!"

"ష్!" అన్నారు ముగ్గురూ ఒక్కసారి.

అయ్యాక బైండరు గారు చెవి మీది పెన్సిలు తీసి, తన రికార్డు అట్ట మీద అచ్చేసిన పద్దెనిమిది నిమిషాల పక్కనే ముత్యాల్లాంటి అక్షరాలతో 'మా ఇంట్లో ఇరవై' అని రాశారు.

గుమ్మంలోంచి భార్య తొంగి చూసింది.

"ఏమండీ, వెంటనే ఇంకోటి పెట్టారని ఎవరూ చెప్పరే! పాట ఇంకా అవలేదనుకుని పొయ్యి ఆపలేదు, అన్నం మెత్తటి ముద్దయింది. రండి, అందరూ ఓర్పుగా తిందురుగాని."