హన్మమ్మ కొంగు

తెల్లారి ఐదున్నరకల్లా హన్మమ్మ నర్సింగ్ కాలేజీ హాస్టల్ గేటు తీస్తుంది. నాలుగంతస్తులూ ఊడ్చి, తాండూరు బండల వరండాలు తుడిచి, చీర కొంగును ఒకసారి పిండి చూసుకుంటుంది. పొడిగా ఉంటే సరే. తడిగా ఉంటే బిల్డింగులో ఎక్కడో నల్లా కారుతున్నట్టు. కొస చెమ్మగిల్లితే చుక్కలు, జానెడు తడిస్తే సన్నటి ధార. మోకాళ్ల నొప్పులవాళ్లకు ముసురు పట్టేది ముందే తెలిసినట్టు ఆమెకిది తెలుస్తుంది. మోమిన్‌పేట్ నుంచి వికారాబాద్ వచ్చి పదకొండేళ్లయింది. వార్డెన్లు మారారు, ప్లంబర్లు మారారు, కొంగు మాత్రం ఒక్కసారీ తప్పు చెప్పలేదు. "అవ్వా, ఎంత తడిసింది?" అని ఫోన్‌లో అడిగాకే ప్లంబరు వాషర్లు కొనుక్కుని బయల్దేరతాడు.

ఈ ఏడు యాజమాన్యానికి గ్రీన్ సర్టిఫికెట్ మీద మనసు పడింది. నల్లాలకు నీళ్లు తగ్గించే జాలీలు బిగించారు, ఫ్లష్‌లకు చిన్న బటన్లు పెట్టారు, షవర్లు పీకేశారు. "నీళ్లు వృథా చేస్తే జరిమానా" అని గోడగోడకూ కాగితాలు అంటించారు. ఆడపిల్లలు మొహం కడుక్కోవాలన్నా అటూ ఇటూ చూసి కడుక్కునే రోజులొచ్చాయి.

తనిఖీ రోజు రానే వచ్చింది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఆడిటర్ వందన పొద్దున ఆరింటికి మీటరు అంకెలు రాసుకుంది. మళ్లీ సాయంత్రం ఆరింటికి రాసుకుంటుంది. నూటఇరవై మంది పిల్లలు, తలకు నలభై లీటర్లు; అది దాటకూడదు. మేనేజర్ జనార్దన్ ముందురోజే హన్మమ్మను పిలిచి, "లెక్క దాటిందో, మళ్ల పనికి రాకు" అన్నాడు. ఆ జీతం లేకపోతే ఆమెకు కిరాయి గదీ లేదు, పూటా గడవదు. పొద్దుట్నుంచీ కొంగును చేతిలోనే పట్టుకు తిరిగింది.

పిల్లలంతా ఆస్పత్రి డ్యూటీకి పోయారు, ఆరు దాటితే గానీ రారు. నాలుగింటికి మీటరు చూస్తే ఇంకా నూటతొంభై లీటర్ల వెసులుబాటు ఉంది. జనార్దన్ ఊపిరి పీల్చుకుని వందనకు చాయ్ తెప్పించాడు.

సరిగ్గా అప్పుడే హన్మమ్మ పాదం మీద చుక్క పడింది. చూస్తే కొంగు నడుము దాకా నానిపోయింది.

"సారూ, నల్లా పోతున్నది!"

మీటరు అంకెలు గబగబా మారుతున్నాయి. జనార్దన్ మెయిన్ వాల్వు దగ్గరికి ఉరికాడు. హన్మమ్మ అడ్డం పడి చక్రం మీద రెండు చేతులూ వేసింది.

"వద్దు సారూ. ఇది కారే నల్లా గాదు, నిండ ఇప్పిన నల్లా. ఇప్పినోళ్లు లోపల్నే ఉండాలె. ఇంతసేపైనా ఎందుకు బంద్ చేస్తలేరు?"

"పిల్లలెవ్వరు లేరు. పక్కకు జరుగు!"

"బంద్ చేస్తే కొంగు ఆరిపోతది. ఆరితే గా అరవై బాత్రూముల్ల యాడ దేవులాడాలె?"

"నీ నౌకరి పోతది, సమజైతుందా?"

"పోనియ్యి."

"నేనొచ్చేదాంక ముట్టకు, నీ కాళ్లు మొక్కుత," అని మెట్లెక్కింది. వందన చాయ్ వదిలేసి వెంట పరుగెత్తింది. జనార్దన్ చేయి చక్రం మీదే ఉంది.

మొదటి అంతస్తులో కొంగు కాస్త తేలికైంది. ఇక్కడ కాదు. రెండులో బరువెక్కింది. మూడో అంతస్తులో కుడివైపు తిరగగానే కొంగు నుంచి ధార కట్టింది. చివరి బాత్రూముకు లోపల గడియ. పిలిస్తే పలుకు లేదు. ఇద్దరూ భుజాలు ఆనించి తోస్తే మూడోసారికి గడియ ఊడింది.

దౌల్తాబాద్ పిల్ల ప్రియదర్శిని, తలకు దెబ్బ తగిలి, పక్కకు ఒరిగి పడి ఉంది. తూము మీద టవల్ పడి నీళ్లు నిలిచిపోయాయి. ముక్కు మునగడానికి వేలెడు తక్కువ.

ఇద్దరూ ఆమెను వరండాలోకి లాగారు. వందన 108కి ఫోన్ చేసింది. హన్మమ్మ పిల్ల తల ఒళ్లో పెట్టుకుని, "బిడ్డా, కండ్లు తెరువు బిడ్డా," అని చెంపలు తడుతూనే ఉంది. చాలాసేపటికి పిల్ల కళ్లు తెరిచింది.

"అవ్వా... నల్లా బంద్ చేసిన్రా? సార్ తిడ్తడు."

జ్వరమొచ్చి డ్యూటీ మధ్యలోనే తిరిగొచ్చిందట. నీళ్లు ముట్టొద్దన్న రోజు కదా అని భయపడి, వెనక మెట్ల మీంచి దొంగలా వచ్చిందట. నల్లా విప్పగానే కళ్లు తిరిగి పడిందట.

నల్లా సంగతి ఎవరికీ గుర్తులేదు. అది ఇంకా పోతూనే ఉంది. వాల్వు వదిలేసి ఎప్పుడొచ్చాడో, మెట్ల దగ్గర నిలబడి ఆ మాట విన్న జనార్దన్ లోపలికి వెళ్లి నల్లా కట్టేశాడు.

పిల్లను అంబులెన్స్‌లో తీసుకుపోయారు. ఆరింటికి వందన మీటరు చూసింది. ఇరవై లీటర్లు ఎక్కువ. ఉన్నది ఉన్నట్టే రాసి సంతకం పెట్టింది. ఇక సర్టిఫికెట్ మాట వచ్చే ఏడే.

హన్మమ్మ తాళాల గుత్తి జనార్దన్ ముందు పెట్టింది. "పోతున్న సారూ."

అతను గోడ మీది జరిమానా కాగితాన్ని గోరుతో గీకి పీకుతున్నాడు. తల తిప్పలేదు.

"పొద్దుగాల గేటు తీసేది నువ్వే గద. ఉంచుకో, అవ్వా."

హన్మమ్మ తాళాలను పొడి కొంగుకు ముడేసుకుని, ఆటో ఎక్కి ప్రియదర్శిని దగ్గరికి పోయింది.