రెండు పూతల పని, ఒక్క పూట

నోలీన్ చెవి మిషను ఆ ఆదివారం వంటింటి కిటికీలో బ్యాటరీ అయిపోయి పడి ఉంది. నోలీన్ మాత్రం పెరట్లో, చెక్క కంచె పక్కన గులాబీ కొమ్మలు కత్తిరిస్తోంది. కంచెకి అవతల పక్కింటి జెనీన్ ఫోన్లో మాట్లాడుతోంది.

"గురువారం పదింటికి ఇన్‌స్పెక్టరు వస్తాడన్నమాట. మంచిది, శుక్రవారంతో వారంటీ అయిపోతోంది మరి. వారెన్ ఇంట్లోనే ఉంటాడు, ఎక్కడికీ వెళ్ళొద్దని చెప్తా."

నోలీన్ చెవిలో పడింది మూడే ముక్కలు. ఇన్‌స్పెక్టరు. వారెంటు. వారెన్ ఎక్కడికీ వెళ్ళకూడదు.

దక్షిణార్ధగోళపు దీవుల దేశంలోని ఆ పొకెనో ఊళ్ళో వారెంటు అనగానే ఎవరికైనా ముందు కారు గుర్తొస్తుంది. కారు రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని తనిఖీ చేసి ఇచ్చే చీటీ అది, ఏటేటా తీసుకోకపోతే జరిమానా పడుతుంది. కానీ కారు వారెంటుకి మనమే గరాజుకి వెళ్ళాలి గానీ ఇన్‌స్పెక్టరు టైము చెప్పి మరీ ఇంటికి రాడు. కాబట్టి ఇది కారు వారెంటు కాదు, కటకటాల వారెంటు అని నోలీన్ తేల్చింది. సాయంత్రానికల్లా టుయీ ప్లేస్ అనే ఆ వీధిలో ఉన్న తొమ్మిది ఇళ్ళలో ఎనిమిదింటికి ఆ కబురు చేరిపోయింది. చేరనిది ఒక్క వారెన్, జెనీన్‌ల ఇంటికే.

చేరినా వారెన్ పెద్దగా పట్టించుకునేవాడు కాదేమో. ఆ వారం వారెన్‌ని పట్టుకున్నది వారెంటు కాదు, వారంటీ.

ఈ వీధి మొత్తం కిందటేడు క్రిస్మస్ సెలవులకి ముందు ఒకే వారంలో బిల్డరు తాళాలిచ్చిన వీధి. ఏడాది లోపల ఇంట్లో ఏ లోపం కనపడ్డా తప్పు తనది కాదని బిల్డరే రుజువు చేసుకోవాలి. ఏడాది దాటితే, తప్పు వాడిదేనని ఇంటివాళ్ళు రుజువు చెయ్యాలి. అంటే వారంటీ ఉన్నన్నాళ్ళు వారు మనల్ని అంటిపెట్టుకుని ఉంటారు, తీరిపోగానే అంటీ ముట్టనట్టు ఉంటారు. ఈ శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసుకి తాళం వేసి పోతే బిల్డరు మళ్ళీ జనవరిలో గానీ కనపడడు.

జెనీన్ బళ్ళో ఆఫీసు పని చేస్తుంది. తోటి ఉద్యోగి ఎవరో చెప్తే, గడువు తీరేలోగా ఇల్లు పరీక్ష చేయించాలని పట్టుబట్టింది. ఏ ఇంటి ఇల్లాలైనా చేసే పనే. చిక్కల్లా ఏమిటంటే, ఈ వీధిలో తొమ్మిది ఇళ్ళకీ బాత్రూముల వాటర్‌ప్రూఫింగ్ చేసినవాడు ఆవిడ మొగుడు వారెనే.

వారెన్‌కి యాభై రెండేళ్ళు. అందులో ఇరవై ఆరేళ్ళు మోకాళ్ళ మీదే గడిచాయి. టైల్స్ అంటించే ముందు నేలకీ గోడకీ నీళ్ళు దిగని రబ్బరు పూత పూస్తాడు. ఒక పూత వెయ్యాలి, ఆరనివ్వాలి, దాని మీద రెండో పూత వెయ్యాలి. కిందటేడు నవంబరులో బిల్డరు సూపర్‌వైజరు గుమ్మంలో నిలబడి "టైల్స్ వాళ్ళు ఒంటిగంటకి వస్తున్నారు, నువ్వు ఖాళీ చెయ్యాలి" అన్నాడు. రెండు పూతల పని ఒక్క పూటలో కాదని వారెన్ చెప్పాడు. "అయితే చెయ్యగలవాణ్ణి పిలుస్తాలే" అన్నాడు సూపర్‌వైజరు. వారెన్ ఒక పూతే వేసి, రెండు వేసినట్టు కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ ఇంట్లో అలా, పక్కింట్లో అలా, చివరికి తన ఇంట్లోనూ అలాగే.

ఇప్పుడు తన కారు గరాజులో ఉంది, కారేది మాత్రం పడకగది బాత్రూములో. షవరు గోడకి అవతల, గోడకే కట్టిన మనిషి పట్టేంత బట్టల బీరువా కింద చెక్క పట్టీ ఉబ్బింది. కార్పెట్ మీద ముక్కు పెడితే తడిసిన కుక్క వాసన. అది కొత్త ఇంటి వాసనేనని పెళ్ళాన్ని నమ్మించాడు. రిపోర్టులో ఆ తడి పడితే సంతకం ఎవరిదని అడుగుతారు. ఆ తర్వాత ఈ బిల్డరే కాదు, ఈ ఊరే కాదు, దేశంలో ఎవడూ తనని ఇంకో బాత్రూములోకి అడుగు పెట్టనివ్వడు. మోకాళ్ళు ఎప్పుడో పోయాయి. పేరొక్కటే మిగిలింది.

సోమవారం పొద్దున జెనీన్ తువ్వాలు భుజాన వేసుకుని వస్తే అడ్డం నిలబడ్డాడు.

"ఈ షవరు వాడొద్దు. డ్రెయిన్‌లో ఏదో ఇరుక్కుంది."

"ఏం ఇరుక్కుంది?"

"చూడాలి."

ఇరుక్కున్నది తనేనని చెప్పలేదు. ఆవిడ ఆఫీసుకి వెళ్ళగానే బీరువాలో హీటరు పెట్టాడు, గాల్లో తేమ లాగే మిషను పెట్టాడు. ఉబ్బిన పట్టీ పీకేసి కొత్తది కొట్టి, రంగు వేశాడు. డిసెంబరంటే అక్కడ నడివేసవి; ఆ ఎండల్లో హీటరు వేసుకుని బీరువాలో కూర్చున్న మనిషి ఆ దీవుల్లో అతనొక్కడే అయ్యుంటాడు. గోడ ఆరుతోంది, అతని నోరూ ఆరుతోంది.

మంగళవారం ఎదురింటి హేమి వచ్చాడు. లారీ నడుపుతాడు, మనిషి భారీ, మాట మెత్తన.

"బ్రో, నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్ళాలనుంటే చెప్పు. ఇక్కడికి రెండు గంటల దూరం, కొరొమాండెల్‌లో సముద్రం ఒడ్డున మా బాబాయి ఇల్లు ఖాళీగా ఉంది. ఫోను సిగ్నలు కూడా అందదు."

"నేనెక్కడికి వెళ్తాను?"

"అదే అంటున్నా. ఎక్కడికి వెళ్ళావో నాకూ తెలీదు. ఎవరడిగినా తెలీదు."

బుధవారం నోలీన్ గుడ్లూ బేకనూ పెట్టి కాల్చిన 'పై' అనే రొట్టె ఒకటి పట్టుకొచ్చింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, ఒంటరిగా ఉంటుంది. గుమ్మంలోనే అతని చెయ్యి పట్టుకుంది.

"తిను నాయనా. అక్కడ ఏం పెడతారో ఏమో."

"ఎక్కడ?"

"ఎక్కడైనా సరే. తప్పులు చెయ్యనివాళ్ళెవరు?"

వారెన్ ఆ పళ్ళెం అందుకున్నాడు. వీళ్ళందరికీ తెలిసిపోయింది అనుకున్నాడు. ఎలా తెలిసింది? ఎవరింట్లో ఎంత కారుతోంది? అడుగుదామంటే అడిగిందే ఒప్పుకున్నట్టవుతుంది. రొట్టె తిన్నాడు. చాలా బాగుంది. అంత బాగున్నందుకు ఇంకా బాధగా ఉంది.

గురువారం పదింటికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. డెస్మండ్ అని, సన్నటి మనిషి. బూట్లకి నీలం సంచులు తొడుక్కుని, ఇల్లంతా పిల్లిలా తిరిగాడు. తలుపులు తీశాడు, వేశాడు. అటక ఎక్కాడు, దిగాడు. గరాజు తలుపు కొంచెం పట్టేస్తోందన్నాడు, చూరు గొట్టానికి ఒక క్లిప్పు లేదన్నాడు. చివరికి బట్టల బీరువా తెరిచి, తడి కొలిచే మీటరు గోడకి ఆనించాడు.

వారెన్ పరుపు అంచున కూర్చున్నాడు. 

మీటరు ఒక్కసారి కూసింది. డెస్మండ్ అంకె చూశాడు, ఇంకో చోట పెట్టాడు, ఇంకో చోట.

"ఎముకలా ఆరి ఉంది," అన్నాడు. "ఈమధ్య చూసినవాటిలో ఇవే మంచి బాత్రూములు. ఎవరు చేశారండీ?"

"ఇంకెవరు? మా ఆయనే," అంది జెనీన్. ఆ గొంతులో గర్వం వారెన్‌కి మీటరు కన్నా గట్టిగా కూసినట్టనిపించింది.

తప్పించుకున్నాడు. ఆ ముక్క తనకి తను రెండుసార్లు చెప్పుకున్నాడు. రెండోసారి కూడా అతుక్కోలేదు.

బయటికొచ్చేసరికి వాకిట్లో సగం వీధి నిలబడి ఉంది. నోలీన్ ఈసారి చెవి మిషను పెట్టుకునే వచ్చింది. హేమి, డెస్మండ్ వచ్చిన వ్యాను మీద రాతలు చూసి, "ఇళ్ళు చూసేవాడిలా వేషం కట్టుకొచ్చారు, తెలివైనవాళ్ళే" అని గొణిగాడు.

"ఏమైందమ్మా?" అని నోలీన్ జెనీన్‌ని అడిగింది.

"పాసయ్యాం. ఆయనైతే మా బాత్రూములకి దండం పెట్టి వెళ్తున్నాడు."

నోలీన్ వారెంటు సంగతి అడగబోయి ఆగింది. "ఆ రెండో సంగతి తర్వాత మాట్లాడదాం. ఈయన నిజంగానే ఇళ్ళు చూస్తాడా? నేనూ ఎవరినైనా పిలుద్దామనే అనుకుంటున్నా ఈ నెలంతా. గ్లెన్ ఈడెన్‌లో మా మొదటి ఇల్లు గోడల్లోంచి కుళ్ళిపోయింది, తెలుసుగా. గోడ విప్పితే పుట్టగొడుగులు. మా ఆయన కోలిన్ ఆ ఇంటి కోసం కోర్టుల చుట్టూ తిరుగుతూనే పోయాడు." వారెన్ వైపు తిరిగింది. "కానీ నాదీ అదే బిల్డరు, అవే బాత్రూములు, నీ చెయ్యే. నీ ఇల్లు బాగుందంటే నాదీ బాగున్నట్టే. ఇంక ఎవర్నీ పిలవను."

"మేమూ అంతే బ్రో," అన్నాడు హేమి. "నీ రిపోర్టే మా రిపోర్టు."

వెనక ఇంకో ఇద్దరు తలలూపారు.

నాలుగు రోజులు హీటరు పెట్టి ఆరబెట్టింది తన గోడనొక్కదాన్నే అనుకున్నాడు వారెన్. ఆ ఆరిన గోడ ఇప్పుడు తొమ్మిది ఇళ్ళకి అడ్డంగా నిలబడింది. రేపు మధ్యాహ్నం దాటితే దాన్ని ఎవరూ కదపలేరు. మాట్లాడితే తను మునుగుతాడు. మాట్లాడకపోతే వీళ్ళు తడుస్తారు, అదీ తన మీద నమ్మకంతో.

డెస్మండ్ వ్యాను తలుపు వేస్తున్నాడు.

"ఆగండి," అన్నాడు వారెన్. "ఆ గోడ నేను ఆరబెట్టాను. సోమవారం నుంచి ఆ షవరు వాడలేదు. పట్టీ ఉబ్బితే మార్చేశాను. లోపల కారుతోంది."

డెస్మండ్ తలుపు మీద చెయ్యి తియ్యలేదు. "రిపోర్టులో రాయమంటారా?"

"రాయండి. షవరు కింద రెండు పూతలుండాలి. ఒకటే ఉంది."

"రాస్తే ఎవరు వేశారో కూడా రాయాలి."

"సంతకం ఎలాగూ నాదే ఉంది."

 దూరంగా హైవే మీద లారీలు పోతున్న చప్పుడు. జెనీన్ మొగుడి వైపు చూసింది, మొదటిసారి చూస్తున్నట్టు.

"డ్రెయిన్‌లో ఇరుక్కుందన్నావు."



నోలీన్ ఒక అడుగు ముందుకొచ్చింది. గొంతు పెంచలేదు. "మా ఇంట్లో ఎన్ని?"

"ఒకటి."

"హేమి వాళ్ళింట్లో?"

"ఒకటే. అందరి ఇళ్ళలోనూ ఒకటే."

ఆవిడ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. క్షమించినట్టూ లేదు, తిట్టబోతున్నట్టూ లేదు. కుళ్ళిన గోడ విప్పి చూసిన మనిషి చూపు అది. వారెన్ ఆ చూపు కింద నిలబడ్డాడు. పారిపోవడానికి కొరొమాండెల్ ఉంది గానీ, కాళ్ళు వాకిట్లోనే ఉన్నాయి.

"అయితే ఆ వారెంటు దీని గురించేనా?" అన్నాడు హేమి చివరికి.

"ఏ వారెంటు?" అంది జెనీన్.

"పోలీసు వారెంటు. ఇన్‌స్పెక్టరు వచ్చి వారెన్‌ని తీసుకెళ్తాడని. ఆదివారం నుంచి వీధంతా అదేగా."

"నువ్వే చెప్పావు ఫోన్లో," అంది నోలీన్. "నా చెవులారా విన్నా."

జెనీన్ కళ్ళు మూసుకుని తెరిచింది. నవ్వాలో ఏడవాలో తెలియనట్టుంది, రెండూ చెయ్యలేదు. వాకిట్లో ఉన్న అందరికీ వినపడేలా, మొగుడి వైపు చూడకుండా, బళ్ళో పిల్లలకి చెప్పినట్టు చెప్పింది.

"నేనన్నది వారెంటు కాదు నోలీన్, వారంటీ. ఇంటి వారంటీ. ఈయన పోలీసు కాదు, నిజంగానే ఇళ్ళు చూసే ఇన్‌స్పెక్టరు. వారెన్‌ని తీసుకెళ్ళడానికి ఎవరూ రావడం లేదు. వారంటీ మా ఒక్కరిదే కాదు, మీ అందరిదీ రేపటితోనే తీరిపోతుంది. మధ్యాహ్నం లోపు బిల్డరుకి రాతపూర్వకంగా పంపాలి. పదండి, లోపల కూర్చుని రాద్దాం. ఏం రాయాలో వారెన్ చెప్తాడు."