తూర్పు చేలో చిన్న చదరం

ఆ చెయ్యి ఎవరిదో శశిభూషణ్‌కి తెలియదు. కానీ వంద చేతుల మధ్య ఉన్నా గుర్తుపట్టగలడు.

అది ఎప్పుడూ కింది ఎడమ మూల నుంచే మొదలుపెడుతుంది. మూడు చుక్కలు గబగబా పెట్టేస్తుంది. నాలుగో చుక్క దగ్గర మాత్రం తటపటాయిస్తుంది. పెట్టి, కొంచెం ఇటు లాగి, మళ్ళీ కొంచెం అటు జరిపి, అప్పుడు వదులుతుంది. తెర మీద ఒక చదరం పూర్తవుతుంది.

శశిభూషణ్ దాన్ని రోజూ రెండుసార్లు చూస్తాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. రోజు మొత్తంలో అతనికి కనబడే సాటి మనిషి జాడ దాదాపు అదే.

చేలకు డ్రోన్‌తో మందు కొట్టే ఒక కంపెనీ కోసం అతను ఎడిటర్ తయారుచేస్తున్నాడు. ట్యాబ్‌లో పొలం ఫొటో వస్తుంది. దాని మీద వేలితో చుక్కలు పెడితే వాటి మధ్య గీతలు పడి ఒక ఆకారం అవుతుంది. చుక్కను పట్టుకుని లాగితే ఆకారం మారుతుంది. బయటి గీత చేను హద్దు. లోపల బావో, మోటారు షెడ్డో ఉంటే దాని చుట్టూ ఇంకో ఆకారం గీస్తారు. డ్రోన్ హద్దు లోపలంతా మందు కొడుతుంది, ఆ లోపలి ఆకారం మీద మాత్రం కొట్టదు. వింటే పిల్లలాటలా ఉంటుంది. అతనికి ఏడాది పట్టింది.

ఆ ఏడాదిలోనే తాడేపల్లిలో ఆఫీసు ఎత్తేశారు. ఎవరి ఇళ్ళ నుంచి వాళ్ళు పనిచేసుకోమన్నారు. పరీక్షలు జరిగే చేలకు దగ్గరగా పర్చూరు వైపు ఒకరుండాలంటే శశిభూషణ్ చెయ్యెత్తాడు. అతనికి ఎక్కడైనా ఒకటే. మూతపడ్డ జిన్నింగ్ మిల్లు మీద గది దొరికింది. కింద మిషన్లు ఆగిపోయాయి గానీ పత్తిగింజల వాసన ఇంకా పోలేదు. కిటికీ తెరిస్తే వెలుతురు తెర మీద పడుతుంది, పైగా ఎటునుంచో మిరపకాయల ఘాటు వచ్చి తుమ్ములు పట్టుకుంటాయి. అందుకని వచ్చిన మర్నాడే మూసేశాడు. చేలన్నీ తెర మీదే కనబడుతున్నాయి కనక వెళ్ళి చూడాల్సిన పని పడలేదు.

మధ్యాహ్నం కర్రీ పాయింట్‌కి వెళ్తాడు. "పప్పా, పులుసా?" అని ఆమె అడుగుతుంది. "పప్పు" అంటాడు. కొన్ని రోజులు ఆ ఒక్క మాటతోనే గడిచిపోయేవి.

ఎడిటర్‌లో ఒక ఏర్పాటుంది. చేలో ఎవరు ఏ చుక్క కదిపినా అదే క్షణంలో అతని తెర మీద కూడా కదులుతుంది. తప్పులు పట్టుకోవడానికి పెట్టుకున్నది. తప్పులు తగ్గిపోయాక కూడా దాన్ని తీసెయ్యలేదు. "తూర్పు చేను" అని పేరున్న పొలంలో ఆ చెయ్యి పొద్దున్నే పెద్ద చదరం గీసేది. సాయంత్రానికి దాన్ని చెరిపి, అక్కడే చిన్నది గీసేది. ఎందుకో తెలియదు. ఎడిటర్‌తో ఆడుకుంటోంది కాబోలు అనుకున్నాడు. అడగలేదు. అడగడానికి ఎడిటర్‌లో మాటలు రాసుకునే చోటు లేదు. గడువు దగ్గరపడుతోందని దాన్ని అతనే కొట్టేశాడు.

ఆ రోజు పదకొండింటికి తాడేపల్లి నుంచి మేనేజరు శ్యామ్ సుందర్ ఫోన్ చేశాడు.

"శశీ, క్లయింటు ఒకటే గోలయ్యా. చేల నిండా చీమల్లాగా చిల్లర ముక్కలంట. వేలు తగిలితే చాలు ఓ ముక్క పడుతోందంట. తీసిపారెయ్."

"ఎంతకన్నా చిన్నవి తీసెయ్యమంటారండీ?"

"నన్నడుగుతావేంటి? సెంటు నేలకన్నా చిన్నదేదైనా చిల్లరే. అందులో ఏం పండుద్ది?"

నియమం రాయడానికి పావుగంట పట్టింది. సేవ్ నొక్కగానే సెంటుకన్నా చిన్న ఆకారాలు వాటంతట అవే రాలిపోతాయి. మధ్యాహ్నానికల్లా కొత్త వెర్షన్ పంపేశాడు. పప్పు తెచ్చుకుని తిన్నాడు.

సాయంత్రం ఎండ చల్లబడే వేళకు ఆ చెయ్యి తూర్పు చేలోకి వచ్చింది. పెద్ద చదరం చెరిపింది. కింది ఎడమ మూల. మూడు చుక్కలు. నాలుగోది ఇటు, అటు. చిన్న చదరం. సేవ్.

చదరం రాలిపోయింది.

నియమం పనిచేసిందని శశిభూషణ్‌కి సంతోషం వెయ్యలేదు. చెయ్యి జారి పడిన ముక్కకు మూలలు సరిగ్గా కుదరవు. ఇది జారిన గీత కాదు. ఆ చెయ్యి నాలుగో మూలను రెండుసార్లు సరిచేసింది. ఆడుకునేవాళ్ళకు అంత ఓపిక ఉంటుందా? రోజూ, అదే చోట?

ఇంకో సంగతి కూడా తట్టింది. రాలిపోయింది అతని తెర మీదే. చేలో ఉన్న ట్యాబ్ తన దగ్గరున్న బొమ్మనే చూపిస్తూ ఉంటుంది. చదరం భద్రంగా ఉందనే ఆ మనిషి అనుకుంటుంది. డ్రోన్‌కి మాత్రం చదరం లేని చేను వెళ్తుంది.

ఫోన్ తీసి శ్యామ్ సుందర్‌కి చేశాడు.

"తూర్పు చేను ఎవరిదండీ? అంటే, అక్కడ ట్యాబ్ ఎవరి దగ్గరుంది?"

"రెబ్కా అని, డ్వాక్రా గ్రూపు అమ్మాయి. డ్రోన్ నేర్చుకుంది. ఎందుకు?"

"చేను మధ్యలో ఒక చిన్న చదరం గీస్తోంది. అదేంటో..."

"నీకు గీతలతో పని గానీ చేలతో ఏం పనయ్యా? నంబరు కోఆర్డినేటర్ దగ్గరుంటుంది, రేపు అడిగి చెప్తాలే. హలో? శశీ? నీ మాట ముక్కలు ముక్కలుగా..."

సిగ్నల్ పోయింది. ఆ గదిలో అది కిటికీ దగ్గరే కాస్త అందుతుంది. శశిభూషణ్ వెళ్ళి, తుప్పు పట్టిన గడియ లాగి, రెక్క తోశాడు.

ఘాటు ముఖాన కొట్టింది. తుమ్మి, కళ్ళు తుడుచుకుని చూశాడు.

రోడ్డు అవతల మిరపచేను. చేను మధ్యలో చదును చేసిన నేల మీద ఎర్రగా ఒక చదరం. ఆరబోసిన మిరపకాయలు. ఇద్దరు ఆడవాళ్ళు నాలుగు వైపుల నుంచీ కాయల్ని మధ్యకు లాగుతున్నారు. చదరం అతని కళ్ళముందే చిన్నదవుతోంది. కాసేపటికి రాశి అయింది. దాని మీద నీలం పట్టా కప్పారు. పక్కనే ఇంకో పట్టా ముక్కతో నడుమెత్తు డేరా ఉంది. ఒకామె రోడ్డు వైపు నడిచింది. రెండో ఆమె వంగి డేరాలో దూరింది. తెల్లవార్లూ కాయకు కాపలా ఉండాలి గనక సందెవేళే ఓ కునుకు తీస్తుంది కాబోలు.

పొద్దున పెద్దది. సాయంత్రం చిన్నది.

కల్లం!

శశిభూషణ్ తెర వైపు తిరిగాడు. తూర్పు చేను మధ్యలో ఇప్పుడు ఏమీ లేదు. హద్దు నుంచి హద్దుకు ఖాళీ. అక్కడ కూడా ఒక డేరా ఉంటుంది. అందులో ఎవరో పడుకుని ఉంటారు. మిరప నడుమెత్తు పెరిగింది. గట్టు మీద నిలబడ్డ మనిషికి డేరా కనబడదు. మసక చీకట్లో అసలు కనబడదు. డ్రోన్ సాలు సాలూ చూసుకుంటూ తామరపురుగు మందు చిమ్ముతూ ఆ డేరా మీదికి వస్తుంది.

నియమం తీసేసి కొత్త వెర్షన్ పంపాలంటే చాలాసేపు పడుతుంది. బండి మీద వెళ్ళడానికి తూర్పు చేను కాలవ అవతల ఎక్కడో ఉంది. దారి తెలియదు. ఎప్పుడూ వెళ్ళలేదు.

ఇక మిగిలింది కాన్వాస్, తెర మీద చేను బొమ్మ పరుచుకునే ఆ చోటు.

పరీక్ష చేసేవాళ్ళ చేలల్లో తను వేలు పెట్టకూడదని అతను పెట్టుకున్న కట్టుబాటు. అతను గీసినా వాళ్ళ ట్యాబ్‌లో పడుతుంది గానీ, ఏడాదిగా చూడటమే, ముట్టుకోవడం లేదు. ఇప్పుడు మౌస్ పట్టుకుని చేను మధ్యలో పెద్ద చదరం గీశాడు. పై కుడి మూల నుంచి.

ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత ఆ చెయ్యి వచ్చింది. అతని చదరం మూల పట్టుకుని లోపలికి లాగింది.

అతను బయటికి లాగాడు. అది మళ్ళీ లోపలికి లాగింది. ట్యాబ్‌కి పిచ్చెక్కిందనుకుంటోంది. అంత మేర మందు పడకపోతే రైతు ఊరుకోడు. అతను లాగాడు. అది ఈసారి విసుగ్గా చదరాన్ని మొత్తం చెరిపేసి, పాత చోట చిన్నది గీసి సేవ్ నొక్కింది.

చదరం రాలిపోయింది. చేను మళ్ళీ ఖాళీ. ఆ చెయ్యి వెళ్ళిపోయింది. డ్రోన్ లేస్తోందన్నమాట. ఇక ఇక్కడ ఎంత చదరం గీసినా దానికి అందదు.

మాటలు రాసే చోటు లేదు. సరే. చేను మీదే రాయాలి.

ఎడిటర్‌కి వంపులు రావు. అన్నీ తిన్నని గీతలే. పైగా ఆకారం మూసుకోకపోతే ఒప్పుకోదు. వెళ్ళిన దారినే వెనక్కి రావాలి. వంపులు తర్వాత చూసుకుందాంలే అని వాయిదా వేసింది తనే. శశిభూషణ్ పళ్ళు బిగించి, చుక్క తర్వాత చుక్క పెడుతూ, చేను అంత పెద్దగా "ఆ" మొదలుపెట్టాడు. అది మునగదీసుకు పడుకున్న మనిషిలా వచ్చింది. సరిచేసే టైం లేదు. "గు" కొమ్ము సాగి హద్దు దాటి పక్క పొలంలో పడింది.

ఆగు.

ఆగు అని మళ్ళీ కింద రాశాడు. రెండోసారి కాస్త నయంగా వచ్చింది.

చెయ్యి ఆపి చూశాడు. కాన్వాస్ మీద తన వంకర అక్షరాలు తప్ప ఏమీ కదలడం లేదు. డ్రోన్ ఎక్కడుందో ఈ తెరకు తెలియదు. ఇది గీతల్ని మాత్రమే చూస్తుంది. ఆమె ట్యాబ్ సంచీలో పెట్టేసి ఉంటే? తలెత్తి డ్రోన్‌నే చూస్తూ ఉంటే?

కింది ఎడమ మూలలో ఒక చుక్క పడింది.

తర్వాత ఇంకొకటి. గబగబా. గీతలు పడుతున్నాయి. చదరం కాదు. అక్షరం. ఆమెకూ వంపులు కుదరడం లేదు. చివరి చుక్కను ఇటు లాగి, అటు జరిపి వదిలింది.

ఎవరు

శశిభూషణ్ తన పేరు రాయలేదు. ఫోన్ నంబరు రాశాడు. అంకెలు కాస్త త్వరగా వచ్చాయి. ఫోన్ పట్టుకుని పరుగున కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

మోగింది.

"హలో! ఎవరండీ అది, నా చేలో రాతలు రాసేది?" గాలి హోరు, దాని వెనక డ్రోన్ మోత.

"ముందు డ్రోన్ ఎక్కడుందో చెప్పండి!"

"గాల్లో నిలబెట్టా. మీరు ఆగమన్నారుగా. రెండు సాళ్ళే అయినయ్. ఎవరు మీరు?"

"దించెయ్యండి. కల్లం దగ్గర ఎవరున్నారు?"

"ఎలీసమ్మత్త. నిద్రపోతా ఉంది. ఆమెకేమైంది?"

"ఏమీ కాలేదు. మీరు గీసిన చదరం డ్రోన్‌కి వెళ్ళలేదు. చిన్నగా ఉందని ఎడిటర్ తీసేసింది. అంటే, తీసేసేలా నేనే పెట్టాను."

అవతల మోత మెల్లగా తగ్గి ఆగిపోయింది. తర్వాత ఆమె ఫోన్ పక్కకు పెట్టి గట్టిగా కేకేసింది. "అత్తా! ఎలీసమ్మత్తా! లే! ఇవతలికి రా!"

దూరం నుంచి ఒక ముసలి గొంతు అంతకన్నా గట్టిగా పలికింది. "ఏందే రెబ్కా, కొంపలంటుకున్నాయా? ఇప్పుడే కన్నంటుకుంది గదే!"

శశిభూషణ్ కిటికీ చువ్వ పట్టుకుని తల ఆనించాడు.

"లేచిందిలెండి. తిడతా వస్తంది" అంది రెబ్కా. తర్వాత అడిగింది. "ఈ ఎడిటర్ చేసింది మీరేనా?"

"అవునండి."

"చుట్టూ రెండు సాళ్ళు వదిలి మరీ గీస్తే చిల్లరనుకున్నారా? ఓసారొచ్చి చూసిపోతే ఏం పోయిందండీ మీ సొమ్ము? ఆ చుక్కలు కూడా చీమ తలకాయంత పెట్టారు. నా వేలికింద ఆనట్లా."

"పెద్దవి చేస్తాను. ఆ నియమం కూడా ఇప్పుడే తీసేస్తాను."

"తీసిందాకా నేను డ్రోన్ లేపను." తర్వాత కొంచెం మెత్తగా అంది. "ముందే అనుమానమొచ్చిందండీ. ఆ పెద్ద చదరం నేను గీసింది కాదు, ట్యాబ్ చేసిందీ కాదనిపించింది. నేనట్టా పైనుంచి గియ్యను. కింద..."

"కింది ఎడమ మూల నుంచి గీస్తారు. నాలుగోది రెండుసార్లు జరుపుతారు. తెలుసు."

అనేశాక గాని ఆ మాట ఎలా వినబడుతుందో అతనికి తెలియలేదు.

అవతల ఎలీసమ్మ రెబ్కాను అడుగుతోంది, "ఎవురే ఫోన్లో?"

"రోజూ చూస్తా ఉంటారా?" అంది రెబ్కా.

"తప్పులు పట్టుకోవడానికండి. పని."

"ఊఁ. మీరు మేలు చేశారు. కాదన్ను. కానీ నేను గీసేటప్పుడు మీకు కనపడకుండా చెయ్యొచ్చాండీ? గీసినాక చూడండి. గీస్తన్నప్పుడు ఎవరో భుజం మీంచి తొంగి చూస్తన్నట్టుంటది."

రోడ్డు అవతల డేరా ముందు లాంతరు వెలిగింది.

"చెయ్యొచ్చండి" అన్నాడు శశిభూషణ్.

ముందు చేను మీది రాతలు చెరిపి, నియమం తీసేశాడు. సేవ్ అయినాక డ్రోన్‌కి ఏ బొమ్మ వెళ్తుందో ట్యాబ్‌లో కూడా అదే కనబడేలా చేశాడు. చుక్కలు వేలి గోరంత పెంచాడు. ఆఖరున, ఆకారం పూర్తయి సేవ్ అయ్యేదాకా అది ఇంకెవరి తెర మీదా కనబడకుండా తలుపు మూశాడు. అన్నిటికన్నా తేలిక పని అదే. రెండు లైన్లు.

మర్నాడు పొద్దున కిటికీ తెరిచే ఉంచాడు. వెలుతురు తెర మీద పడుతోంది, తుమ్ములూ వస్తున్నాయి. రోడ్డు అవతల ఇద్దరు ఆడవాళ్ళు కాయ పరుస్తున్నారు. ఎర్ర చదరం మెల్లగా పెద్దదవుతోంది. వాళ్ళు ఏదో మాట్లాడుకుని నవ్వుకుంటున్నారు. ఇక్కడికి వినబడదు.

తెర మీద తూర్పు చేను ఖాళీగా ఉంది. శశిభూషణ్ చూస్తూ కూర్చున్నాడు. పొలం ఫొటో, దాని చుట్టూ హద్దు గీత, అంతే. ఏదీ కదలడం లేదు.

ఉన్నట్టుండి చదరం ప్రత్యక్షమైంది. నాలుగు మూలలూ ఒక్కసారే.

నాలుగో మూల చక్కగా కుదిరింది.