నవలలో తమ్ముడు

సన్యాసిరాజుకి ఆ నవల మొదటి రోజు నుంచే నచ్చలేదు. అలాగని వదిలిపెట్టాడా అంటే అదీ లేదు. ఎవరూ ఏడవని పేజీ ఒక్కటి చూపిస్తే టీ ఇప్పిస్తానని తనలో తనే పందెం కట్టుకున్నాడు. అత్తగారు ఏడుస్తుంది, కోడలు ఏడుస్తుంది, ఆఖరికి పాలు పోసేవాడు కూడా గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంటాడు. అయినా మధ్యాహ్నం రెండయ్యేసరికి పుస్తకం చంకన పెట్టుకుని, గాజువాకలో రెండు వీధుల అవతలున్న అన్న ఇంటికి బయల్దేరేవాడు.

చదివేది తన కోసం కాదు మరి. అన్న చలమయ్యకి ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. రెండో కంటికి కూడా అయ్యేదాకా పుస్తకం ముట్టుకోవద్దన్నారు. షేర్ ఆటో తోలినన్నాళ్లూ స్టాండులో కాస్త ఖాళీ దొరికితే చాలు, నవల తెరిచే మనిషి ఆయన. కూతురు హిమబిందు ఉద్యోగం మధురవాడలో. రిటైరై ఖాళీగానే ఉన్నావు కదా చిన్నాన్నా అని పుస్తకం తెచ్చి సన్యాసిరాజు చేతిలో పెట్టింది. ఏమని కాదంటాడు?

పేర్ల దగ్గర తడబడకుండా, మర్నాడు చదవాల్సింది ముందే ఇంట్లో ఓసారి చూసుకోవడం అతని అలవాటు. అలా చూస్తుండగా ఇరవై మూడో అధ్యాయం వచ్చింది. ఫ్యాక్టరీకి భూములు పోయిన కుటుంబం, ఇంటికొక ఉద్యోగం. పెద్దవాడికి రావలసిన దాన్ని చిన్నవాడు కొట్టేస్తాడు.

ఒళ్లు మండిపోయింది సన్యాసిరాజుకి. ఏం రాతలయ్యా ఇవి! ఆ తమ్ముడికి తాగుడు అంటగట్టాడు, పేకాట అంటగట్టాడు, చాలదని మెలేసిన మీసం ఒకటి. ఉద్యోగం కాజేసి వెకిలిగా నవ్వుతాడట. అలా ఎక్కడ జరుగుతుంది? ఎలా జరుగుతుందో చేసినవాడికి తెలుసు.

స్టీల్ ప్లాంటుకి వాళ్ల పొలం పోయినప్పుడు నిర్వాసితులని ఇంటికో ఆర్ కార్డు ఇచ్చారు. కార్డుకి ఒకటే ఉద్యోగం. పేరు రాయించాల్సిన రోజున చలమయ్య జ్వరంతో పడుకున్నాడు. అక్షరం ముక్క రాని అయ్య, చిన్నవాణ్ణి తోడు తీసుకెళ్లాడు. అయ్య వెనక బెంచీ మీద ఉండగా గుమాస్తా తలెత్తకుండా పేరడిగాడు. "సన్యాసిరాజు" అని నోట్లోంచి వచ్చేసింది, అంతే. అయ్య లేచొచ్చి వేలిముద్ర వేశాడు. కాగితం ఇంటికి వచ్చాక, పెద్దాడికి వయసు దాటిపోయిందట, అందుకే తనకిచ్చారట అని ఇద్దరికీ చెప్పాడు. ఇద్దరూ ఊరుకున్నారు.

నవలలో ఆ తమ్ముడు అన్న కాళ్ల మీద పడతాడు. అన్న లేవదీసి కౌగిలించుకుంటాడు. అరపేజీలో సరి. అంత సులువైతే తనెందుకు నలభై ఏళ్లు నోరు మూసుకున్నట్టు? రచయితని తిట్టుకుంటూనే ఆ అరపేజీ మూడుసార్లు చదివాడు.

మర్నాడు ఆ అధ్యాయం ఎగరగొట్టి ఇరవై నాలుగు మొదలెట్టాడు. రెండు వాక్యాలకే ఆపేశాడు. నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న మనిషిని మళ్లీ మోసం చేస్తున్నాడు. సిగ్గేసింది. వెనక్కి తిప్పి ఇరవై మూడూ చదివాడు, అరపేజీతో సహా. పుస్తకం మూశాడు.

"అన్నియ్యా, నీకు వయసు దాటిందని నాను సెప్పింది అబద్ధం. ఆ రోజు నా పేరు నానే రాయించీసినాను."

కాళ్ల మీద పడాలేమో అనుకున్నాడు. నవల గుర్తొచ్చి కుర్చీలోనే ఉండిపోయాడు.

"వయసు సంగతి అబద్ధమని నాకెప్పుడో తెల్సురా," అన్నాడు చలమయ్య. "నాకంటే పెద్దోలకి ఇచ్చినారు." ఆ తర్వాత, "అయ్యకి తెల్సా?" అని అడిగాడు.

"తెల్దు. నీ పేరే రాసినారనుకొని ఏలిముద్రేసినాడు. తర్వాత నాను సెప్పిందే నమ్మీసినాడు."

చలమయ్య నల్లద్దాలు తీసేశాడు. డాక్టర్లు తీయొద్దన్నవి.

"అయ్యే నన్నొద్దనుకొని నీ పేరు రాయించినాడనుకున్నాన్రా. వయసని సెప్పమన్నది కూడా ఆయనే అనుకున్నాను. ఆయన పోయేదాకా నోరిప్పి మాట్లాడ్నేదు. ఆకర్న పిలిపించినా ఎల్లనేదు."

సన్యాసిరాజుకి గుర్తుంది. పిలవడానికి స్టాండుకి వెళ్లింది తనే. బేరం ఉందని అన్న ఆటో తీసుకుని వెళ్లిపోతే, పనెక్కువేమో అనుకున్నాడు. అయ్య సాయంత్రం దాకా గుమ్మం వైపే చూశాడు.

నవలలో ఇంకా నూట ఇరవై పేజీలున్నాయి. వాటిలో ఎక్కడా ఇది లేదు.

"పుస్తకం అక్కడెట్టి ఎల్లు," అన్నాడు చలమయ్య.

సన్యాసిరాజు పెట్టి వెళ్లాడు.