మధ్యాహ్నం రెండింటి సముద్రం

"మీ సముద్రంలో ఎప్పుడు చూసినా మధ్యాహ్నం రెండేనండీ," అన్నారు డ్రాయింగ్ మాస్టారు. క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వేసింది కానీ, ఇంటికొచ్చి తన పదకొండు బొమ్మల్నీ మంచం మీద పరిచి చూసుకుంటే నిజమే. తెల్లగా మాడిపోయిన ఆకాశం, పడవల కిందకి దూరిపోయిన నీడలు, నీళ్ల మీద రేకు పరిచినట్టు ఒకటే మెరుపు. అలా కాక ఎలా ఉంటుంది? అంట్లు తోమి, బట్టలు ఆరేసి, అత్తగారు నడుం వాల్చాక ఆమెకు సముద్రం దొరికేది ఆ వేళకే. పొద్దున్న ఆరింటికి టిఫిన్ డబ్బాలు సర్దుతూ ఉంటుంది. సాయంత్రం ఆరింటికి మళ్లీ పొయ్యి దగ్గరే. వంటింటి కిటికీలోంచి కనబడేది పక్కింటి గోడ. పెళ్లయి పంతొమ్మిదేళ్లు, సముద్రం నాలుగు వీధుల అవతల, అయినా తెల్లవారేటప్పుడు ఒక్కసారీ చూడలేదు.

భర్త మాత్రం రోజూ చూస్తాడు. డాక్టరు నడవమన్నాడని ఐదున్నరకల్లా ఇసుకలో ఉంటాడు. తిరిగొచ్చేసరికి టీ ఉండాలి.

పొద్దుటి వెలుగుతో ఒక్క బొమ్మ తెస్తే లైబ్రరీలో జరిగే ప్రదర్శనలో పెడతానన్నారు మాస్టారు. ఆ మాట చెబితే భర్త, "దానికి నువ్వెళ్లడం దేనికే? ఫొటో తీసి పంపిస్తాగా, చూసి దించెయ్," అన్నాడు. మర్నాడు పంపించాడు కూడా. అందులో ముప్పావు వంతు అతని మొహమే. చెవి వెనకాల చిటికెడు ఎరుపు. ఎంత పెద్దది చేసి చూసినా చెవే పెరిగింది గానీ సముద్రం రాలేదు.

ఆ పూట అన్నం వడ్డిస్తూ మామూలుగానే చెప్పింది. "రేపు మీ నడక నాకివ్వండి. టీ, డబ్బాలు మీరు చూసుకోండి."

"మరి నా షుగర్ సంగతో?"

అత్తగారు కంచంలోంచి తలెత్తకుండానే అందుకుంది. "చెమట పట్టాలన్నాడు గానీ ఎక్కడని చెప్పలేదు కదరా డాక్టరు. పొయ్యి దగ్గర నిలబడు, బాగా పడుతుంది."

తెల్లారేసరికి ఆమె ఇసుకలో అట్ట నిలబెట్టుకుని కూర్చుంది. క్యాలెండర్లలోలా ఎర్రగా ఏమీ లేదు. సముద్రం బియ్యం కడిగిన నీళ్ల రంగులో ఉంది. ఆకాశమూ అదే, రెండింటికీ మధ్య గీత ఎక్కడో తెలియడం లేదు. ఆ రంగు కలపడానికి ఆమె తడుముకోలేదు, చేతికి తెలిసిన రంగే. కాసేపటికి అందులోకి పసుపు దిగింది. పడవల నీడలు బారలు చాచుకుని ఆమె కాళ్లదాకా పడ్డాయి.

బొమ్మ పూర్తయ్యేసరికి ఏడు దాటింది. సంచీలో ఫోను రెండుసార్లు మోగి ఊరుకుంది. టీపొడి ఎక్కడని అయివుంటుంది. వెతికితే దొరుకుతుంది. ఎనిమిదింటికి సముద్రం ఎలా ఉంటుందో అదీ చూద్దామని ఆమె అట్ట మీద ఇంకో కాగితం బిగించుకుంది.