ఒకే తోలు, రెండు తీర్పులు

తోళ్ల ఫ్యాక్టరీలో బాబాయి మాటే వేదం. తోలు మీద చెయ్యి వేసి, ఇది మొదటి రకం, ఇది మూడో రకం అన్నాడంటే యజమాని కూడా కిమ్మనేవాడు కాదు. అలాంటి చోటికి ఆయన అన్నకొడుకు కంప్యూటరు పట్టుకొచ్చాడు. ఆ ఉద్యోగం ఇప్పించింది బాబాయే, ఇంట్లో పెట్టుకుని అన్నం పెడుతున్నదీ బాబాయే.

తోలు ఫొటో చూసి గరుకూ నునుపూ లెక్కగట్టి రకం తేల్చే ప్రోగ్రాం అతను రాశాడు. ఒక్కో తోలుకు నాలుగు నిమిషాలు పట్టేసరికి యజమాని మొహం చిట్లించాడు. దాంతో ఫొటోని ఎనిమిది ముక్కలు చేసి, ఎనిమిది ప్రాసెసర్లకు ఒకేసారి అప్పజెప్పాడు. పని అరనిమిషంలో అయిపోయింది. యజమాని భుజం తట్టాడు, ఇతను గాల్లో తేలిపోయాడు.

కానీ ఆ ఎనిమిదీ తమ లెక్కల్ని ఒకే పట్టికలో వేస్తున్నాయి. రెండు కలిసి ఒకే గడిలో రాస్తే ఒకదాని లెక్క గల్లంతు. అదే తోలు మళ్లీ పెడితే వేరే రకమంటుంది. మొదటి వారంలోనే ఇది అతని కంట పడింది. సరిచేస్తే వేగం సగానికి పడిపోతుంది. పొగడ్త ఎవరికి చేదు? తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

బాబాయి ఒకటంటే మిషను ఇంకోటనేది. యజమాని మిషన్నే నమ్మాడు.

ఒక పొద్దున బాబాయి వంటింట్లో వేడినీళ్ల గిన్నెలో వేళ్లు ముంచుకుని కూర్చున్నాడు.

"ఏంటి బాబాయ్ ఇది?"

"వేళ్లకి స్పర్శ పోయినట్టుందిరా. నీ మిషను చెప్పబట్టి తెలిసింది. నెలాఖరుకి మానేస్తానని చెప్పేశాను."

అతనికి తల కొట్టేసినట్టయింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కదా అనుకున్నాడు. సిగ్గుతో అన్నం సహించలేదు.

ఆ రోజే యజమాని, బాబాయి ఇద్దరి ఎదుటా అతను, బాబాయి మొదటి రకమన్న తోలుని మిషన్లో రెండుసార్లు పెట్టాడు. ఒకసారి రెండో రకమంది, ఒకసారి మూడోదంది.

"తప్పు నాదండీ. బాబాయి చెప్పిందే నిజం."

యజమాని నోరు తెరిచేలోపే బాబాయి అడిగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మూడు వారాలైంది."

బాబాయి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ తోలు మీద వేళ్లు ఆనించి, తల దించుకునే అన్నాడు.

"తోలు మీద వెంట్రుకంత గాటున్నా పట్టేస్తాను. రోజూ నా పక్కనే కూర్చుని తింటున్నావు, నిన్ను పట్టలేకపోయానురా."

ఇంకో తోలు అందుకున్నాడు.