ఒకటే షేడ్ అన్నాడు

నేను జాకెట్లు కుడతాను. ఒకే అంగడిలో, ఒకే పేరుతో అమ్మిన రెండు మెరూన్ తానులను పక్కపక్కన పెడితే ఒకటి కాస్త నల్లగా, ఇంకొకటి కాస్త ఎర్రగా ఉంటుందని నాకు ఇరవై ఏళ్ల నుంచి తెలుసు. అందుకే ఎవరైనా "అదే ఇది" అంటే నమ్మను. మా ఆయన పున్నయ్య దీన్ని అనుమానపు జబ్బు అంటాడు. అననీ. ఈ జబ్బు వల్లే ఇన్నాళ్లూ మా ఇంట్లోకి నకిలీ సరుకు రాలేదు.

నరసరావుపేటలో మాది రెండు గదుల ఇల్లు. నా మిషను ముందుగదిలో ఉంటుంది. అక్కడ గచ్చు పెచ్చులు లేచిపోయి, ఒక పెళ్ళివారి పట్టుచీర అంచు పట్టుకుని పోగు లేచింది. వాళ్లు అన్న మాటలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. చూడటానికి చెక్కలా ఉండి, తడిగుడ్డతో తుడుచుకోగల పోర్సిలిన్ టైల్స్ ఒకరింట్లో చూశాక మనసు వాటి మీదే పడింది. చేతిలో ఉన్నది ఇరవై వేలు. మేస్త్రి కూలీ, సిమెంటూ అందులోనే రావాలి.

పల్నాడు రోడ్డులో గోపీచంద్ అనే ఆయన షాపుకు ఇద్దరం వెళ్లాం. మొదట అడుగు తొంభై అయిదు రూపాయలవి చూపించాడు. నా మొహం చూసి, వెనక నుంచి ఇంకో పలక తెప్పించాడు.

"ఇది మిగిలిపోయిన స్టాకక్కా. అడుగు నలభై ఎనిమిదికే ఇస్తా."

సగానికి సగం ఎందుకు తగ్గిందో ఎంత ఆరా తీసినా "స్టాకు మిగిలిందక్కా" అనే మాటే వచ్చింది. తాళం చెవితో గీకాను, గీత పడలేదు. నీళ్లు పోయించి చెప్పులు విప్పి ఎక్కి నిలబడ్డాను, జారలేదు. ఏ లోపమూ దొరక్కపోయేసరికి నా అనుమానం ఇంకా పెరిగింది. పున్నయ్య మాత్రం పలక మీద అరచేత్తో ఒకసారి నిమిరి, "చానా బాగుందే, తీసుకుందాం" అనేశాడు.

కొత్తిమీర కట్ట దగ్గర పది నిమిషాలు బేరమాడే మనిషి! గోపీచంద్ ఏం చూపించినా తల ఊపాడు. నేను ఇంకో రకం చూస్తుంటే ఇద్దరూ కౌంటరు దగ్గర టీ తాగుతున్నారు. గోపీచంద్ మా ఆయన చెయ్యి గానీ తడిపాడా అని అక్కడే మనసులో పడింది.

పున్నయ్య ఒక ప్రైవేటు స్కూలు వ్యాను నడుపుతాడు. పొద్దున్నే జొన్నలగడ్డ వైపు నుంచి ఇరవై రెండు మంది పిల్లల్ని తెచ్చి, సాయంత్రం దింపి వస్తాడు. మొన్నామధ్య వ్యాను ఎడమ అద్దం పగిలితే, ఆగి ఉన్న బండిని ఎవడో గుద్ది పోయాడన్నాడు. నేను అదీ నమ్మలేదు, దగ్గరికి వెళ్లి నోరు వాసన చూశాను. అంత దూరం వెళ్లే నేను, అతని ఒక్క మాట దగ్గర మాత్రం మెత్తబడ్డాను. కొన్నాళ్లుగా పొద్దున పేపరు నా చేత చదివించుకుంటున్నాడు, నా గొంతు బాగుంటుందట. పాతికేళ్ల కాపురం తర్వాత మొగుడు ఆ మాటంటే ఎవరికి చేదు?

సరుకు తెచ్చే రోజు పెళ్ళి జాకెట్లు ఉండి నేను కదల్లేకపోయాను. "అన్ని బాక్సుల మీదా షేడ్ నంబరు ఒకటే ఉండాల. చూసుకొని ఎక్కించు" అని పదిసార్లు చెప్పి పంపాను. ట్రాలీ ఆటోలో పదమూడు బాక్సులు వచ్చాయి.

"చూశావా?"

"చూశానే. అన్నీ ఒకటే షేడ్."

మర్నాడు మేస్త్రి పీర్ సాహెబ్ బాక్సులు విప్పి, పలకలు నేల మీద వరసగా పేర్చి ఆగిపోయాడు.

"చెల్లెమ్మా, ఇయ్యి రెండు లాట్లు. ఏడు బాక్సులు ఎరుపు తిరిగినయ్యి, ఆరు బూడిద తిరిగినయ్యి. కలిపి పరిస్తే అసలు చెక్కలాగే ఉంటదిలే."

ఈయనకూ షాపులో వాటా ఉందేమో అనుకున్నాను. అప్పుడే పిల్లల్ని స్కూల్లో దింపి పున్నయ్య వచ్చాడు. వంగి చూసి, "ఏంది గోల? రెండూ ఒకటేగా" అన్నాడు.

గుమ్మంలోకి ఎండ పడుతోంది. పక్కపక్కనే ఉన్న ఆ రెండు రంగులు నాకే కాదు, దారినపోయేవాళ్లకైనా తెలుస్తాయి. నా కళ్ళెదురుగానే నా కళ్ళల్లో దుమ్ము కొడుతున్నాడని ఒళ్లు మండిపోయింది. టైల్స్ సంగతి అటుంచి, పాతికేళ్లు నాతో బతికిన మనిషి అంగడివాడి పక్షాన చేరాడా లేదా అన్నదే నాకు కావాలి. చెప్పులేసుకుని గోపీచంద్ గోడౌనుకు బయల్దేరాను.

అక్కడ సరుకు ఎత్తే పెద్దాయన హబీబుల్లా మధ్యాహ్నం దాటాక గానీ దొరకలేదు. "మా ఆయన నిన్న ఏం చూసి ఎక్కించుకున్నాడు బాబాయ్?" అని నిలదీశాను.

"నంబర్లు నా చేతే చదివిచ్చుకున్నాడమ్మా. ఏడింటి మీద ఒకటుంది, ఆరింటి మీద ఇంకోటుందని కూడా చెప్పా. రెండు పలకలు వాకిట్లోకి తీసకపోయి, మొహానికి దగ్గర పెట్టుకొని చూశాడు. చానాసేపు తడిమాడు. 'ఒకటేలే, ఎక్కించు' అన్నాడు. చదువు రాదేమో పాపం అనుకున్నా."

"పదో తరగతి పాసయ్యాడు" అన్నాను కోపంగా.

ఆ మాట నా నోటి నుంచి వచ్చాకే నాకు తట్టింది. చదివించుకున్నాడు. తడిమాడు. పగిలిన ఎడమ అద్దం. పేపరు. షాపులో ఏం చూపించినా తల ఊపటం. తిరుగు ఆటోలో ఇంటికి వస్తుంటే అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

ఇల్లు చేరేసరికి మూడు దాటింది. పున్నయ్య పెరట్లో మొహం కడుక్కుంటున్నాడు. మేకుకున్న వ్యాను తాళం తీసి గుప్పెట్లో పెట్టుకున్నాను. అతను ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ లోపలికి వచ్చి, గోడ మీద చెయ్యి పాకించి మేకు దొరకబుచ్చుకున్నాడు. మేకు ఖాళీగా ఉంది.

నేను ఒక్కో లాటు నుంచి ఒక్కో పలక తీసి అతని ముందు పెట్టాను. "ఈ రెండింట్లో ఎర్రది ఏదో చూపించు."

"ఈ పరీక్షలేందే ఇప్పుడు?"

"చూపించు."

గొంతుక్కూర్చుని రెండింటినీ తడిమాడు. నా మొహం వైపు చూశాడు. చివరికి బూడిద రంగు దాని మీద వేలు పెట్టాడు. పీర్ సాహెబ్ తాపీ పక్కన పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"దసరా కాడ్నించి. అంతా పొగమంచులాగా ఉంటంది. డాక్టరు కాడికి పోతే బండి ఆపమంటాడు. నీ ఒక్కదాని మిషను మీద ఎట్టా బతుకుతాం ఇందిరా?"

"మరి పేపరు?"

తల దించుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ముందు ఏడ్చింది ఆ గొంతు మాట కోసమే. నన్ను మోసం చెయ్యాలని చూసిన వాళ్లందరినీ పట్టుకున్నాను గానీ, ఆ ఒక్క మాట దగ్గర ఎంత సంతోషంగా మోసపోయానో!

"తాళం ఇయ్యవే. పిల్లలు ఎదురుచూస్తా ఉంటారు."

"ఇయ్యను. స్కూలుకి ఫోన్ చేస్తా, ఇంకో డ్రైవర్ని పంపుతారు."

అతను పెట్టుకున్న చొక్కా గుండీలు మళ్లీ విప్పాడు. తర్వాత మెల్లిగా అన్నాడు, "అయితే ఆ వచ్చేవాడికి ఒకటి చెప్పు. జెబా అని యూకేజీ పిల్ల, జొన్నలగడ్డ మలుపులో దిగుద్ది. దిగి బండి ముందు నించే అటుపక్కకి దాటుద్ది. 'అంకుల్, నేను గట్టు మీదున్నా' అని అరుసుద్ది. ఆ అరుపు ఇన్నాకే కదలాల."

నా గుప్పెట్లో తాళం చెవి గుచ్చుకుంది. "ఒకరోజు ఆ పిల్ల గట్టు ఎక్కకముందే అరిస్తే?"

పున్నయ్య విప్పిన బాక్సు మీద కూలబడ్డాడు.

"రోజూ ఆ మలుపు దగ్గర నాకు అదే బయమే" అన్నాడు.

నేను స్కూలుకు ఫోన్ చేశాను.